దారిలో బండి కడగాలంటే ఏ నీళ్లు? డెల్టా ప్రయాణాల్లో ఉప్పు, బురద, ఊక బూడిద

రాజమండ్రిలో తెల్లవారుజామున కడిగి తుడిచిన బండి, నరసాపురంలో నిఖా చూసుకుని రాత్రికి ఇల్లు చేరేసరికి గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ముందు అద్దం నిండా పురుగుల మరకలు. తలుపుల మీద మోకాలి ఎత్తు వరకు బురద. వెనక అద్దంలోంచి ఏమీ కనబడదు. వీటన్నిటి మీదా పలచగా తెల్లటి పొర ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని దుమ్మే అనుకుని పొడిగుడ్డతో దులిపేస్తారు. వేలితో తీసి చూస్తే కొంచెం జిగటగా తగులుతుంది. అందులో దుమ్ముతో పాటు ఉప్పు కూడా ఉంది.

విదేశాల్లో సెలవులు వస్తే కుటుంబాలు కారవాన్లు వేసుకుని బయల్దేరతాయి. గోదావరి జిల్లాల ముస్లిం కుటుంబాలకు ఆ పని టెంపో ట్రావెలర్ చేసిపెడుతుంది. నెల్లూరు రొట్టెల పండుగకో, కసుమూరు దర్గాకో, గుల్బర్గాకో, అజ్మీర్‌కో మూడు నాలుగు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకుంటాయి. పైన క్యారియర్ మీద దేగ్చీలు, గ్యాస్ స్టవ్, పరుపులు, బియ్యం బస్తా. లోపల పిల్లలు, పెద్దవాళ్లు. దారిలో వంట, దారిలోనే నిద్ర. ఇజ్తెమాలకు, పెళ్లిళ్లకు, హజ్‌కు వెళ్లేవాళ్లను సాగనంపడానికి కూడా ఇదే పద్ధతి. వారం రోజులు ఆ బండే ఇల్లు. ఇల్లు ఊడ్చుకున్నట్టే దాన్ని కూడా రోజూ కాస్త చూసుకోవాలి.

అయితే దారిలో బండి కడగాలంటే ముందు వచ్చే ప్రశ్న సబ్బు ఏది అన్నది కాదు, నీళ్లు ఎక్కడివి అన్నది. డెల్టాలో ఎటు చూసినా నీళ్లే కాబట్టి ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. కాల్వ కనబడితే బండి దించేస్తారు, లేదంటే మసీదు దగ్గర ఆపి వజూఖానా కుళాయికి బకెట్ పెడతారు. ఈ రెండు అలవాట్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు మురికి సంగతి.

అసలు శత్రువు ఉప్పు

కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా మచిలీపట్నం వైపు వెళ్లే 216 నంబర్ జాతీయ రహదారి చాలా దూరం సముద్రానికి దగ్గరగా నడుస్తుంది. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు మీదైతే సముద్రం పోటెత్తినప్పుడు కెరటాలు నేరుగా రోడ్డు మీదకే వస్తాయి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వెళ్లినవాళ్ల సంగతి సరేసరి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి కారును నరసాపురం దాటిస్తే కింద ఉన్నది గోదావరే అయినా, సముద్రం దగ్గరపడ్డ చోట ఆటుపోట్లకు ఆ నీళ్లలో ఉప్పు కలుస్తుంది. కెరటం తాకకపోయినా గాలి చాలు. సముద్రపు గాలిలో ఉన్న సన్నటి తుంపర బండి మీద ఆరిపోయి ఉప్పు మిగులుస్తుంది.

ఉప్పుకు ఒక గుణం ఉంది, గాలిలో తేమను లాక్కుంటుంది. వంటింట్లో మూత పెట్టని ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లినట్టే, బండి మీది ఉప్పు కూడా రాత్రంతా తడిగా ఉంటుంది. ఇనుముకు తడి, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు కలిస్తే అది వేగంగా పడుతుంది. మనం రోజూ చూసే బానెట్‌కో, తలుపు మధ్యకో ఇది ముందు రాదు. తలుపు అడుగు అంచు, ఫుట్‌బోర్డు కింద, మడ్‌గార్డు లోపలి మడత, క్యారియర్ కాళ్లు బాడీకి బిగించిన చోటు, స్లైడింగ్ తలుపు పట్టా లోపల... ఇలా చెయ్యి దూరని చోట్ల మొదలవుతుంది. అక్కడ బురద పేరుకుంటే ఉప్పునీటిని అది స్పాంజిలా పట్టి ఉంచుతుంది. పైకి రంగు పొంగి బుడగలా కనబడేసరికి లోపల రేకు చాలావరకు పోయి ఉంటుంది.

తలుపు అడుగున చిన్న కన్నాలు ఉంటాయి. వాన నీళ్లు అద్దం పక్క నుంచి లోపలికి దిగితే బయటికి పోవడానికి పెట్టినవి అవి. వాటికి బురద అడ్డుపడితే తలుపు నీళ్ల తొట్టె అయిపోతుంది. అగ్గిపుల్లతో గానీ, వైరు ముక్కతో గానీ ఆ కన్నాలు పొడిచి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. చాలా బండ్లకు కొన్నప్పటి నుంచి ఈ పని ఒక్కసారి కూడా జరిగి ఉండదు.

సముద్రం వైపు వెళ్లకపోయినా ఉప్పు తప్పదు. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులు చాలావాటిలో ఉన్నది ఉప్పు కలిసిన నీరు. చెరువు గట్టు మీది బురద ట్రాక్టర్ చక్రాలకు అంటుకుని రోడ్డెక్కుతుంది. ఐసు వేసి రొయ్యలు, చేపలు తీసుకెళ్లే లారీల నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఎండాకాలంలో కూడా రోడ్డు మీద ఒక తడి గీత సాగుతూ పోతుంటే ముందు అలాంటి లారీ ఉన్నట్టు. దాని వెనకే వెళ్తే ముందు అద్దం, రేడియేటర్ జాలీ, బానెట్ అంచు అన్నీ ఆ నీటితో తడుస్తాయి. వాసన సంగతి వేరే చెప్పక్కర్లేదు. దూరం పాటించి, వీలు చూసుకుని దాటేయడం అన్నిటికన్నా మంచి క్లీనింగ్.

ఇంకో చిక్కు ఉంది. తీరం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి. ఉప్పు పోగొట్టడానికి ఉప్పునీళ్లతోనే కడిగితే ఏం లాభం? అద్దం మీద నాలుగు చుక్కలు వేసి ఆరనిస్తే తెలిసిపోతుంది. తెల్లటి రింగు మిగిలితే ఆ నీళ్లు టైర్లకు, మొదట బురద వదలగొట్టడానికి మాత్రమే వాడాలి. ఆఖరిసారి పోసేది మంచినీళ్లు అయి ఉండాలి, అది రెండు మగ్గులే అయినా సరే. పోసిన వెంటనే తుడిచేస్తే చుక్కల మచ్చలు కూడా పడవు.

కామర్స్ చదివినవాళ్లకు ఈ లెక్క ఇంకో రకంగా అర్థమవుతుంది. ఆదాయపు పన్ను నియమాల్లో అద్దెకు తిప్పే బండికి ఏటా 30 శాతం, వ్యాపారంలో సొంతానికి వాడే కారుకు 15 శాతం తరుగుదల వేస్తారు. అది కాగితం మీది లెక్క. తుప్పు ఆ రేటు చూసుకుని పట్టదు. అప్పు చేసి బండి కొని, కిస్తీ కట్టుకుంటూ పెళ్లిళ్లకు, జియారత్‌లకు తిప్పుకునే కుటుంబాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఫుట్‌బోర్డు, ఫ్లోరు పుచ్చిపోయిన బండిని పట్టుకుని అక్కడికి వెళ్లడం ఎంత తలనొప్పో వాళ్లనే అడగాలి. అమ్మబోతే కొనేవాడు మొదట వంగి చూసేది కూడా ఆ అడుగుభాగాన్నే.

సీజన్‌ను బట్టి మురికి

ఖరీఫ్ వరి ఈనే రోజుల్లో, అంటే దసరా ముందూ వెనకా, తాడేపల్లిగూడెం, తణుకు వైపు రాత్రిపూట వెళ్తే హెడ్‌లైట్ల వెలుగులో చినుకుల్లా పురుగులు కొడుతుంటాయి. వాటిలో చాలావరకు వరికి పట్టే దోమ, పచ్చదీపపు పురుగులు. వెలుతురు చూస్తే అవి ఆగవు. తొలకరి వానలకు ఉసిళ్లు. అద్దం మీద పురుగు చితికితే చాలామంది వెంటనే వైపర్ వేస్తారు. నీళ్లు లేకుండా వైపర్ వేస్తే ఆ జిగురు అద్దమంతా పూసినట్టవుతుంది, ఎదుటి బండి లైటు పడితే ఏమీ కనబడదు. బండి ఆపి, తడిపిన గుడ్డను గానీ పాత న్యూస్‌పేపర్‌ను గానీ అద్దం మీద పది నిమిషాలు పరిచి ఉంచితే నానిపోయి తేలిగ్గా వస్తాయి. బానెట్, బంపర్ మీదివి కూడా అంతే. గోకకూడదు. మర్నాటి ఎండ వరకు వదిలేస్తే మాత్రం పురుగులోని పదార్థం రంగు పైపొరను తినేసి మచ్చ మిగులుస్తుంది.

పిట్ట రెట్టలు ఇంకా మొండివి. బస్టాండ్ల దగ్గర, పాత ఆఫీసుల ఆవరణల్లో పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లు ఉంటాయి. నీడ ఉంది కదా అని బండి అక్కడే పెడతారు. సాయంత్రానికి పైకప్పు చూసుకుంటే తెలుస్తుంది. రెట్టలో యూరిక్ ఆసిడ్ ఉంటుంది. ఎండకు రంగు పైపొర మెత్తబడి వ్యాకోచిస్తుంది, రాత్రికి చల్లబడి బిగుసుకుంటుంది. ఆ బిగుసుకోవడంలో ఎండిన రెట్ట అంచుల ఆకారం రంగు మీద అచ్చుపడిపోతుంది. ఆ మచ్చ ఆ తర్వాత ఎంత కడిగినా పోదు. కాబట్టి ఒక చిన్న నీళ్ల సీసా, నాలుగు టిష్యూ కాగితాలు డ్రైవర్ పక్కన ఉంచుకుని, చూసిన వెంటనే నానబెట్టి తీసేయడమే మందు.

కోతల రోజులు వేరే. నవంబర్-డిసెంబర్‌లో ఒకసారి, దాళ్వా కోతలప్పుడు ఇంకోసారి రోడ్డు సగం ధాన్యం రాశులతో, గడ్డితో నిండిపోతుంది. ధాన్యం ఆరబెట్టుకునే రైతుకు వేరే కళ్లం లేదు, తప్పుపట్టలేం. కానీ రోడ్డు మీద పరిచిన గడ్డి మీదుగా బండి పోనిచ్చేటప్పుడు జాగ్రత్త. అది ఇరుసుకు చుట్టుకుంటుంది, సైలెన్సర్ వేడికి అంటుకుని బండ్లు కాలిపోయిన సందర్భాలు ఉన్నాయి. గడ్డి తొక్కాక కాలిన వాసన వస్తే ఏసీ కట్టేసి పక్కకు ఆపి, అందరినీ దించి, కింద చూడాలి. బండి కింది భాగం శుభ్రంగా ఉంచుకోవడం అందం కోసం కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక ఊక బూడిద. రైస్ మిల్లుల బాయిలర్లలో ఊక కాలుస్తారు. ఆ బూడిద గాలికి ఎగిరి రోడ్డు మీద, ఆగి ఉన్న బండి మీద పడుతుంది. చూడటానికి మెత్తగా పౌడర్‌లా ఉంటుంది. కానీ ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండేదే. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. గోదావరి ఇసుక లారీల వెనక వెళ్లినప్పుడు పడే దుమ్ము కూడా ఇదే జాతి. ఎండలో ఒక పక్క నుంచి చూస్తే నల్ల కార్ల మీద సాలెగూడులా కనబడే సన్న గీతలకు కారణం రోడ్డు కంటే ఎక్కువగా మన చేతిలోని పొడిగుడ్డే. రోజూ పొద్దున్నే శ్రద్ధగా బండి దులిపే డ్రైవర్ బండికే ఈ గీతలు ఎక్కువ ఉంటాయి. పాపం, అతనికి మంచి పేరు, బండికి గీతలు.

వరదల రోజుల్లో గోదావరి ఎర్రగా వస్తుంది. ఆ ఒండ్రు నీళ్లు బకెట్‌లో పట్టి కడిగితే ఆరాక బండి మీద మట్టి పూత మిగులుతుంది. ఆ నీటిని గంటసేపు కదపకుండా ఉంచి పైది మాత్రమే వంపుకోవాలి. ముంపు నీళ్లలో నడిచిన బండికైతే పైన కడగడం తర్వాత, ముందు బ్రేకులు చూపించాలి.

పెళ్లి బండి

పెళ్లికొడుకు కారు సంగతి విడిగా చెప్పాలి. పూలదండలు, రిబ్బన్లు అంటించిన టేపు ఒక రోజు ఎండలో ఉంటే జిగురు రంగుకు పట్టేస్తుంది. బ్లేడుతో గీకి బానెట్ పాడుచేసుకున్న ఇళ్లు ఎన్నో. కొబ్బరినూనె దూదికి అద్ది జిగురు మీద కాసేపు ఉంచితే మెత్తబడి వేలితో వచ్చేస్తుంది, తర్వాత సబ్బు నీళ్లతో జిడ్డు తీసేయాలి. రోడ్డు తారు చుక్కలకు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. కిరోసిన్, డీజిల్ వాడేవాళ్లు ఉన్నారు. తారు పోతుంది గానీ అద్దం చుట్టూ ఉండే రబ్బరు పాడవుతుంది, పైగా నిప్పు భయం. బారాత్‌లో పిల్లలు కొట్టే నురుగు స్ప్రేను ఆ రాత్రే కడిగేయాలి. తడి గులాబీ రేకులు కూడా తెల్ల కారు మీద మరక వేస్తాయి. వలీమా అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైనట్టే.

కాల్వ నీళ్లు ఎవరివి?

ఇప్పుడు నీళ్ల సంగతి. ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య ఆనకట్ట కట్టించాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాల్వలు పారాయి. సుమారు 10 లక్షల ఎకరాలకు సాగునీరు ఇచ్చేది ఇవే. అందరికీ తెలిసిన మాటే. దారిన పోయేవాళ్లకు అంతగా తట్టనిది ఇంకోటి ఉంది. ఈ కాల్వల నీళ్లే ఊరి మంచినీటి చెరువుల్లోకి వెళ్తాయి, అక్కడి నుంచి కుళాయిలకు వెళ్తాయి. తీరం దగ్గర భూగర్భ జలం ఉప్పు కాబట్టి చివరి ఊళ్లకు కాల్వ తప్ప వేరే దిక్కు లేదు. వేసవిలో కాల్వలు కట్టేసే ముందు చెరువు నింపుకుని, మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆ చెరువుతోనే నెట్టుకొస్తారు.

రేవులో బండి దించి కడిగితే ఆ నీళ్లలోకి వెళ్లేది మట్టి ఒక్కటే కాదు. ఇంజిన్ ఆయిల్, గ్రీజు, డీజిల్ జిడ్డు, బ్రేకుల పొడి, బట్టల సబ్బు పొడి అన్నీ వెళ్తాయి. సబ్బు నీళ్లు చేపల మొప్పలకు హాని చేస్తాయి. పది మైళ్ల దిగువన ఆ నీటితో చెరువు నింపుకునేది ఎవరో మనకు తెలియదు. బహుశా మనం నిఖాకు వెళ్తున్న ఇల్లే. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం తెలిసి తెలిసి పారే నీటిలోకి కాలుష్యం వదలడాన్ని నిషేధించింది. కాల్వలు కూడా దాని కిందికే వస్తాయి. బెంగళూరులో 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు అక్కడి జలమండలి తాగునీటితో కార్లు కడగడం నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. గోదావరి ఉన్నవాళ్లకు ఆ అవసరం రాదనుకోవచ్చు. కాల్వ చివరి ఊళ్లలో ఎండాకాలం బిందెల వరుసలు చూసినవాళ్లు అలా అనుకోరు.

వజూఖానా దగ్గర

రెండో అలవాటు మనలో మనం మాట్లాడుకోవాల్సింది. హైవే పక్కన మసీదు కనబడితే జుహర్‌కో అసర్‌కో ఆపుతారు. నమాజు అయ్యేలోపు డ్రైవరో, ఉత్సాహం ఉన్న కుర్రవాళ్లో వజూ కుళాయికి పైపు తగిలించి బండి కడగడం మొదలుపెడతారు. అక్కడి మోటారు కరెంటు బిల్లు మసీదు కమిటీ కడుతుంది. చాలా చిన్న ఊళ్లలో అది జుమా చందాల మీద నడిచే ఖర్చు.

డబ్బు ఒక్కటే విషయం కాదు. ఏ పని కోసం వక్ఫ్ చేశారో ఆ పనికే వాడాలన్నది వక్ఫ్ విషయంలో ఉలమాలు మొదటి నుంచి చెప్పే సూత్రం. వజూ కోసం పెట్టిన నీళ్లు వజూ కోసమే. మరీ అవసరమైతే ముతవల్లీనో, కమిటీ వాళ్లనో, ఇమామ్ సాహెబ్‌నో అడిగి, వాళ్లు సరేనంటే ఒక బకెట్ తీసుకోవాలి, తగిన సొమ్ము చందా పెట్టెలో వేయాలి. అడగకుండా పైపు పెట్టడం మాత్రం తగదు.

ఎంత నీరు పోతుందో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 15 లీటర్ల బకెట్ నిమిషంలో నింపే పైపు 20 నిమిషాలు వదిలితే 300 లీటర్లు. ముహమ్మద్ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ముద్ నీటితో వజూ చేసుకునేవారని బుఖారీ, ముస్లిం హదీస్ గ్రంథాల్లో ఉంది. ముద్ అంటే రెండు చేతులు కలిపి దోసిలి పట్టినంత, ఇప్పటి కొలతలో ముప్పావు లీటరుకు అటూ ఇటూ. ఆ లెక్కన ఒక్క బండి కడిగిన నీళ్లు దాదాపు 400 మంది వజూకు సరిపోతాయి. మనం కుళాయి తిప్పి వదిలేసి చేసే వజూ లెక్క వేరే అనుకోండి.

ఒక్క బకెట్‌తో

దారిలో బండి మొత్తం మెరవాల్సిన పని లేదు. ఏది ముందు, ఏది వెనక అన్నది తెలిస్తే ఒక్క బకెట్ చాలు. ముందు అద్దం, హెడ్‌లైట్లు, పక్క అద్దాలు, వెనక లైట్లు, నంబర్ ప్లేటు. ఇవి భద్రతకు, చట్టానికి సంబంధించినవి. తర్వాత తలుపు పిడి, ఫుట్‌బోర్డు, ఎక్కే చోట పక్క రేకు. నమాజుకు దిగేవాళ్ల షల్వార్ అంచులు, బుర్ఖా అంచులు రాసుకునేది అక్కడే. పల్లె రోడ్ల మీద పేడ, పశువుల మూత్రం మీదుగా వెళ్లి వచ్చిన బండి అయితే అది ఉత్త బురద అనుకోవడానికి లేదు. ఈ కాస్త చోటు రోజూ శుభ్రంగా ఉంటే బట్టల విషయంలో సందేహమే రాదు. ఆ తర్వాత నీళ్లు మిగిలితే ఉప్పు చేరే అడుగు అంచులు. మిగతా పైకప్పు, పక్కలు ఇంటికి వెళ్లాక చూసుకోవచ్చు.

టెంపో ట్రావెలర్ లాంటి నిలువు వెనక భాగం ఉన్న బండ్లకు వెనక అద్దమే అన్నిటికన్నా ముందు మాసిపోతుంది. బండి ముందుకు దూసుకెళ్తుంటే వెనక గాలి సుడి తిరిగి, చక్రాలు లేపిన దుమ్మును వెనక్కి లాక్కుని తలుపుకు కొడుతుంది. అందుకే ముందు భాగం శుభ్రంగా ఉన్నా వెనక లైట్లు మట్టి కొట్టుకుని ఉంటాయి. బ్రేకు వేస్తే వెనకవాడికి కనబడదు. టీ తాగడానికి ఆపిన ప్రతిసారీ తడిగుడ్డతో ఆ రెండు లైట్లు తుడవడం డ్రైవర్‌కో, వెనక సీటు కుర్రాడికో అప్పజెప్పాలి.

కడిగే పద్ధతి కష్టమేమీ కాదు. నీడలో, ఇంజిన్ చల్లబడ్డాక. ఎండలో కాలుతున్న రేకు మీద సబ్బు పోస్తే కడిగేలోపే ఎండిపోయి మరకవుతుంది. ముందు మూడు నాలుగు మగ్గులు పై నుంచి పోసి ఇసుక జారిపోనివ్వాలి, చెయ్యి పెట్టకుండా. తర్వాత సీసా మూతెడు కారు షాంపూ కలిపిన నీటిలో మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ ముంచి పై నుంచి కిందికి. గుడ్డను మళ్లీ ఆ సబ్బు నీటిలోనే ముంచకుండా వేరే చిన్న డబ్బాలో జాడిస్తే ఇసుక అందులో దిగిపోతుంది. చక్రాలకు వాడిన గుడ్డ బాడీకి వాడొద్దు. అది మర్చిపోకుండా చక్రాల గుడ్డ రంగు వేరేది పెట్టుకోవాలి. బట్టల సబ్బు పొడి, గిన్నెల సబ్బు వద్దు. అవి జిడ్డుతో పాటు పాలిష్ పొరను కూడా తీసేస్తాయి. అసలు బయల్దేరే ముందు రోజు ఒక కోటు వ్యాక్స్ పాలిష్ వేసుకుంటే దారిలో సగం పని తగ్గుతుంది. పురుగులు, బురద అంత గట్టిగా అంటుకోవు.

పోసిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నదీ చూసుకోవాలి. రోడ్డు మార్జిన్‌లో సబ్బు నురుగు పారితే వెనక వచ్చే బైకు జారుతుంది. దారిలో అడ్డు తొలగించడం ఈమాన్‌లో భాగమని చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లం, కొత్త అడ్డు పెట్టి వెళ్లకూడదు కదా. మట్టి నేల, చెట్ల మొదళ్లకు దూరంగా, కాల్వ గట్టుకు ఎడంగా ఉన్న చోటు మంచిది. జిడ్డు ఎక్కువ ఉంటే డబ్బులిచ్చి వాటర్ వాష్ చేయించడమే మేలు. ఎంచుకునేటప్పుడు వాళ్ల నీళ్లు నేరుగా కాల్వలోకి పోతున్నాయా, ఆయిల్ ఆగే గుంట ఉందా అని ఒకసారి చూడండి. వాళ్ల ప్రెషర్ పైపును రేడియేటర్ జాలీకి, తలుపు రబ్బర్లకు, రంగు లేచిన చోటికి దగ్గరగా పెట్టనివ్వొద్దు. కనీసం ఒక అడుగు దూరం ఉండాలి. బండి కింద, మడ్‌గార్డుల లోపల మాత్రం బాగా కొట్టించుకోవాలి, తీరం నుంచి వచ్చినప్పుడైతే మర్నాడే. చాలామంది పైన నురుగు చూసి సంతోషపడి కింద సంగతి మర్చిపోతారు.

వాన వస్తే బండిని షెడ్డులోకి తోసేయక్కర్లేదు. వాన నీరు ఉప్పు లేని మంచి నీరు, పైగా ఉచితం. గట్టిగా పడే వానలో పది నిమిషాలు ఉంచి, తగ్గాక మెత్తటి గుడ్డతో తుడిస్తే పైకప్పు పని అయిపోయినట్టే.

క్యారియర్ సామాను దించాక తాళ్లు, పట్టా అలాగే మడిచి పైన పడేస్తారు. వాటిలో ఇరుక్కున్న ఇసుకే తర్వాతి ప్రయాణంలో పైకప్పును గీస్తుంది. తీరం వెళ్లి వచ్చినవైతే ఉప్పు కూడా వాటిలోనే ఉంటుంది. దేగ్చీలు తోముకునే రోజే వాటినీ మంచినీళ్లలో జాడించి, ఆరేసి, ఎండాక మడిచి లోపల పెట్టుకోవాలి. తాడు పైకప్పు అంచుకు తగిలే చోట ఈసారి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని కట్టుకోండి.